కంపెనీ వెబ్‌సైటు రీడిజైన్‌ను కాంట్రాక్టు మీద ఒప్పుకునే ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్లుగా యూఎక్స్ డిజైనర్‌గా (సైట్లు, యాప్‌లు వాడేవారికి సులువుగా ఉండేలా రూపొందించే పని) ఉద్యోగం చేస్తున్నారు. తెలిసినవారి ద్వారా ఒక తయారీ కంపెనీ మిమ్మల్ని పిలిచింది. పాత వెబ్‌సైటును పూర్తిగా మార్చాలి, అయిదు నెలల గడువు, అంతా కలిపి ఒకే మొత్తం ఇస్తామన్నారు. ఒప్పుకోవచ్చా, ఎంత అడగాలి, కాంట్రాక్టు మీద వెళ్లినవారు ఎక్కడ ఇరుక్కుంటారు అని అడిగారు.

ఒప్పుకోండి. అయితే వాళ్లు చెప్పిన పద్ధతిలో వద్దు. "వెబ్‌సైటు మొత్తానికి ఇంత" అని ఒక్క మాటతో తేల్చేయకుండా పనిని రెండు భాగాలు చేయమనండి. మొదటి మూడు వారాలు పరిశీలన. దానికి విడిగా డబ్బు, చివర ఒక నివేదిక. మిగతా పనికి ఎన్నాళ్లు పడుతుంది, ఎంత అవుతుంది అన్నది ఆ నివేదిక చేతికి వచ్చాకే మాట్లాడండి. ఇక సంతకం పెట్టేలోపు మూడు పేర్లు కాగితం మీద రాయించుకోండి: ఒప్పుకునేది ఎవరు, రాసేది ఎవరు, ఎక్కించేది ఎవరు. డిజైన్‌కు సరే అనవలసిన మనిషి, పేజీల్లో మాటలు రాయవలసిన మనిషి, చివరికి దాన్ని సర్వర్ మీద పెట్టవలసిన మనిషి. ఈ మూడింటిలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ పని మీ మెడకే చుట్టుకుంటుంది.

నేను తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నాను. అంతకు ముందు మీలాగే ఉద్యోగం. మధ్యలో ఆగిపోయిన పనులు, డబ్బు ఆలస్యమైన పనులు, నాకు నిద్ర పట్టనివ్వని పనులు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే, వాటిలో ఏ ఒక్కటీ డిజైన్ బాగాలేక చెడలేదు. ఆ మూడు పేర్లలో ఏదో ఒకటి లేకపోవడం వల్లే చెడ్డాయి.

ముందుగా ఒక చిన్న సంగతి తేల్చుకోండి. మన ఊళ్లో "కాంట్రాక్టు" అనే మాటను రెండు వేరువేరు పనులకు వాడతారు. ఒకటి, మధ్యలో ఒక ఏజెన్సీ మిమ్మల్ని తన జీతాల పట్టీలో చేర్చుకుని కంపెనీకి పంపడం. అక్కడ పీఎఫ్ కోత, సెలవుల లెక్క, ఉదయం హాజరు అన్నీ ఉంటాయి. అది గడువున్న ఉద్యోగం. రెండోది, మీరే నేరుగా ఇన్‌వాయిస్ పంపి డబ్బు తీసుకోవడం. మీరు అడిగిన తీరు చూస్తే ఇది రెండోదే అనిపిస్తోంది. అలాగే, ఉద్యోగం మానకుండా సాయంత్రాలు ఈ పని చేద్దామన్న ఆలోచన ఉంటే మీ నియామక పత్రం తీసి మరో పని చేయడం గురించి ఏం రాశారో చదవండి. 2022లో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారన్న కారణంతో విప్రో 300 మందిని తొలగించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అదీ కాక, ఈ పనిలో ముఖ్యమైన భాగం పగటిపూట ఆ కంపెనీలో మనుషుల పక్కన కూర్చోవడం. రాత్రిపూట ఇంట్లో చేసుకునే వీలు లేదు.

ఆ కూర్చోవడం గురించే కొంచెం వివరంగా చెబుతాను. మొదటి మూడు వారాలు విడిగా అడగమని నేను ఎందుకు పట్టుబడుతున్నానో దానితోనే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం వ్యవసాయ మోటార్లు తయారుచేసే ఒక కంపెనీ నన్ను పిలిచింది. బోరుబావుల్లో దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వాళ్ల ప్రధాన సరుకు. మొదటి సమావేశంలోనే మార్కెటింగ్ అధికారి తనకు ఏం కావాలో చెప్పేశారు. హోమ్ పేజీ తెరవగానే ఫ్యాక్టరీ మీదుగా డ్రోన్‌తో తీసిన వీడియో రావాలి, దాని కింద అయిదు పెద్ద బ్యానర్లు తిరుగుతూ ఉండాలి, వచ్చే సోమవారానికి రెండు మూడు నమూనాలు చూపించాలి. నేను నమూనాలు మొదలుపెట్టలేదు. మీకు ఫోన్లు వచ్చే చోట నాకు మూడు రోజులు ఒక కుర్చీ వేయించండి అని అడిగాను. ఆయనకు నచ్చలేదు కానీ వేయించారు.

ఫోన్ల దగ్గర ఉన్నావిడకు అక్కడ పద్నాలుగేళ్ల అనుభవం. "మీరు కంప్యూటర్ పని మీద వచ్చారు కదా సార్, ఇక్కడ కూర్చున్నారేమిటి?" అని అడిగారు. ఆవిడ బల్ల మీద అట్ట చిరిగిన ఒక పొడుగు నోట్‌బుక్కు ఉంది. ప్రతి ఫోనుకూ ఒక వరుస. తేదీ, ఊరు, మోటారు ఎన్ని హార్స్‌పవర్, అడిగిన విషయం. విషయం దగ్గర పూర్తిగా రాయడానికి సమయం ఉండదు కాబట్టి ఆవిడ సొంతంగా గుర్తులు పెట్టుకున్నారు. సర్వీస్ సెంటర్ అడిగితే ఒక చుక్క, వారంటీ అడిగితే ఒక గీత, విడిభాగం ధర అడిగితే ఒక సున్నా. ఎండాకాలం పేజీల నిండా చుక్కలే. పొలం ఎండుతుంటే మోటారు కాలిపోయినవాడికి కావలసింది ఒక్కటే, దగ్గరలో బాగుచేసే చోటు ఎక్కడ అని. సగానికి పైగా ఫోన్లు అదే అడగడానికి.

మరి ఆ సమాచారం వాళ్ల వెబ్‌సైటులో లేదా అంటే, ఉంది. "డౌన్‌లోడ్స్" అనే మెనూలో, బ్రోచర్ల మధ్యలో, జిల్లాల పేర్లతో ఉన్న ఒక పీడీఎఫ్. అందులో మూతపడిన సెంటర్లు కూడా ఉన్నాయి.

మూడో వారం చివర నేను తెరల బొమ్మలు ఒక్కటీ చూపించలేదు. ఆ నోట్‌బుక్కులో పదిహేను పేజీలు జిరాక్స్ తీసి సమావేశం బల్ల మీద పెట్టాను. ఎండీ గారు మూడు పేజీలు మౌనంగా తిరగేశారు. చుక్క అంటే ఏమిటో అడిగారు. చెప్పాను. "మన సైటులో ఇది ఎక్కడుందో నాకు ఫోనులో చూపించండి" అని మార్కెటింగ్ అధికారిని అడిగారు. ఆయన వెతకడం మొదలుపెట్టారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కొన్ని నిమిషాలు గడిచాక ఎండీ గారే "సరే, అర్థమైంది" అన్నారు. పిన్‌కోడ్ కొడితే దగ్గరి సర్వీస్ సెంటర్, అక్కడి ఫోను నంబరు చూపించే గడి హోమ్ పేజీలో అన్నిటికంటే పైకి ఎక్కింది అందువల్లే. డ్రోన్ వీడియో కంపెనీ గురించి చెప్పే పేజీలోకి వెళ్లింది. మార్కెటింగ్ అధికారి కూడా తర్వాత బాధపడలేదు. డీలర్లు తనకు ఫోను చేసి మెచ్చుకున్నారని ఆయనే వచ్చి చెప్పారు.

నేను ఆ మొదటి సోమవారం మూడు నమూనాలు చూపించి ఉంటే ఏమయ్యేది? ఏ రంగు బాగుంది, ఏ బ్యానర్ ముందు రావాలి అన్న చర్చతో రెండు నెలలు గడిచేవి. బయటి మనిషికి ఉన్న పెద్ద సౌకర్యం, తెలియనట్టు కాకుండా నిజంగానే తెలియక అడగగలగడం. లోపల పనిచేసేవారికి ఆ నోట్‌బుక్కు రోజూ కనిపిస్తూనే ఉంది, అందుకే దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. కాంట్రాక్టు డిజైనర్‌గా మీ విలువ మొదటి మూడు వారాల్లో ఎక్కువ. ఆ తర్వాత మీరు కూడా ఆ ఇంటి మనిషి అయిపోతారు. అందుకే ఆ రోజులను నమూనాలకు ఖర్చు పెట్టవద్దు.

ఎక్కడ కూర్చోవాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఫోన్లు తీసేవారు, రిసెప్షన్, టెండర్ల విభాగం, మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగం, డీలరు కౌంటరు. వెబ్‌సైటుకు వచ్చిన పాత ఎంక్వైరీ మెయిళ్లు ఒక ఆరు నెలలవి చదవండి. సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ సాధనానికి అనుమతి తీసుకుని గూగుల్‌లో ఏ మాటలు వెతికి ఆ సైటుకు వస్తున్నారో చూడండి. ఇవన్నీ చేతిలో ఉంటే ఎవరి అభిప్రాయమో మీద వేసుకుని వాదించే అవసరం రాదు.

ఇప్పుడు రెండో పేరు, రాసేది ఎవరు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం ఇక్కడే. డిజైన్ ఫైలులో ఉత్తుత్తి లాటిన్ వాక్యాలు నింపి పేజీలు అందంగా గీసి ఆమోదం తీసుకుంటారు. తర్వాత అసలు మాటలు రావాలి. కంపెనీవాళ్లు డిజైనర్ రాస్తారనుకుంటారు, డిజైనర్ కంపెనీవాళ్లు రాస్తారనుకుంటారు. చివరికి పాత సైటులోని మాటలే తెచ్చి కొత్త పెట్టెల్లో పోస్తారు. మూడు వాక్యాలు పట్టే చోట ఇరవై వాక్యాలు వస్తాయి. పని చెడిందంటే డిజైన్ చెడింది అంటారు.

నేను చేసే పద్ధతి చెబుతాను. రెండో వారంలోనే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి పాత సైటులోని ప్రతి పేజీకి ఒక వరుస రాస్తాను. పేజీ చిరునామా, ఏ విభాగానిది, ఉంచాలా తీసేయాలా మరో దానిలో కలపాలా, కొత్త మాటలు ఎవరు రాస్తారు, ఏ తేదీకి. "ఎవరు" అన్న గడిలో విభాగం పేరు రాయనివ్వను, మనిషి పేరే ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్న పేజీని గీయను. ఇది మొదట్లో మొండితనంలా కనిపిస్తుంది. ఒప్పందంలో ముందే రాసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఇంత పని చేశాక పేజీల సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. రాయడానికి ఎవరూ ముందుకు రాని పేజీ చదవడానికి కూడా ఎవరూ రారు.

మీ కంపెనీ సైటు తెలుగులో కూడా ఉండబోతోందా? ఉంటే ఈ భాగం శ్రద్ధగా చదవండి. తెలుగు పేజీలను చివరి వారంలో ఏదో అనువాద సంస్థకు పంపి తెచ్చుకునే అలవాటు దాదాపు అన్ని చోట్లా చూశాను. నాకిది చాలా కష్టంగా ఉంటుంది. ఆ మోటార్ల కంపెనీలోనూ అదే జరగబోయింది. అనువాదమై వచ్చిన మెనూ ఇలా ఉంది: ఉత్పాదనలు, సేవా కేంద్రములు, మమ్మల్ని సంప్రదించండి. ఆ ప్రోటోటైపును (పరీక్ష కోసం చేసిన నమూనా సైటును) ఫోనులో పెట్టుకుని నరసరావుపేటలో ఒక డీలరు దుకాణానికి వెళ్లాను. మోటారు వైండింగ్ కోసం వచ్చిన ఒక రైతును, మీ మోటారు బాగుచేసే చోటు ఇందులో వెతికి చూపిస్తారా అని అడిగాను. ఎండలో తెర సరిగా కనిపించక చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చదువుతున్నారు. "సేవా కేంద్రములు" దగ్గర ఆగి, "ఇది మీసేవదా?" అని అడిగారు. నిజమే కదా, ఆయనకు ఆ మాటతో గుర్తొచ్చేది పట్టాదారు పాసుపుస్తకం, కుల ధ్రువపత్రం ఇప్పించే చోటు. ఆయన దాన్ని దాటి వెళ్లిపోయారు. మరొకాయన వారంటీ వివరాలన్నీ నింపి "సమర్పించు" అన్న బటన్ మీద వేలు పెట్టబోయి వెనక్కు తీసుకున్నారు. నొక్కితే డబ్బులేమైనా కట్టాలా అని అడిగారు.

మరునాడు మెనూలో "మోటార్లు", "సర్వీస్ సెంటర్", "ఫోను చేయండి" అని మార్చాం. బటన్ మీద "పంపండి" అని రాశాం. కంపెనీలో ఒకరిద్దరు ఇది మంచి తెలుగు కాదన్నారు. రైతు నోట్లో రోజూ మెదిలే మాటకంటే మంచి తెలుగు ఏముంటుందని నేను గట్టిగానే వాదించాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

అక్షరాల సంగతి కూడా ఉంది. ఇంగ్లిషు కోసం గీసిన పెట్టెలో తెలుగు పెడితే వరుస పైన గుడి, కింద వత్తు తెగిపోతాయి. అదే సైటులో "రాష్ట్రం ఎంచుకోండి" అన్న గడిలో ట వత్తు, ర వత్తు రెండూ కోసుకుపోయి "రాషం ఎంచుకోండి" అని కనిపించింది. ఇంగ్లిషుకు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వరుసల ఎడం సరిపోతే, తెలుగుకు నేను 1.7 నుంచి 1.8 రెట్లు ఇస్తాను. చిన్న సైజులో బొద్దు అక్షరాలు వాడితే వత్తులు అలుక్కుపోతాయి. బటన్లకు వెడల్పు బిగించి పెట్టవద్దు; ఇంగ్లిషులో ఒక పొట్టి మాట ఉన్న చోట మనకు "నమోదు చేసుకోండి" రావాలి. ఇక ఎండలో ఫోను చూసేవారు ఉంటే రంగుల తేడా విషయంలో రాజీ పడవద్దు. వెబ్ అందుబాటు ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలని ఉంది. లేత బూడిద రంగు అక్షరాలు ఆఫీసులో ఏసీ గదిలో ముచ్చటగా ఉంటాయి, నరసరావుపేట నడివీధిలో ఏమీ కనిపించవు.

ఎంతమందితో పరీక్షించాలని కంపెనీ అడుగుతుంది. అయిదుగురు చాలు అన్న మాట మీరు వినే ఉంటారు. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ అనే పరిశోధకులు వేసిన లెక్క నుంచి వచ్చిందది. ఒక్కో వాడుకరి సగటున 31 శాతం సమస్యలను బయటపెడితే, అయిదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. అయితే ఆ అయిదుగురు ఒకే రకం వాడుకరులై ఉండాలి. డీలర్లు, రైతులు, ఉద్యోగం వెతుక్కునేవారు ముగ్గురూ వచ్చే సైటుకు మూడు అయిదులు కావాలి. మొత్తం ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా చేస్తే, మధ్యలో మార్చినవి కూడా పరీక్షకు నిలుస్తాయి.

ఒప్పుకునేది ఎవరు అన్న దాని దగ్గర మన కుటుంబ కంపెనీల్లో ఒక ప్రత్యేకత ఉంది. కాగితం మీద ఎండీ ఒకరు ఉంటారు. సమావేశాలకు వచ్చేది ఆయన కొడుకో అల్లుడో అయి ఉంటారు. కానీ కంపెనీ పెట్టిన పెద్దాయన ఇంటి దగ్గరే ఉంటారు, ఆయన మాట చివరి మాట. ఆయన పేరు ఎవరూ మీకు చెప్పరు. మీరే అడగాలి: "ఇది విడుదలయ్యాక చూసి వద్దు అనగలిగినవారు ఇంకెవరైనా ఉన్నారా?" ఈ ఒక్క ప్రశ్న నేను నాలుగో ఏడాది నేర్చుకున్నాను, చాలా నష్టపోయాక.

ఆ నష్టం ఇది. ఒక ఆహార పదార్థాల కంపెనీకి మూడు నెలలు పనిచేశాను. అందరూ సరే అన్నారు, సంతకాలు అయ్యాయి. విడుదలకు వారం ముందు కొడుకు తన ట్యాబ్‌లో తండ్రికి చూపించారు. పాత సైటులో మొదటి పేజీలో ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. రేకుల షెడ్డు, ముందు రుబ్బురోలు, పక్కన నిలబడి ఉన్న ఇద్దరు ఆడవాళ్లు. మసకగా ఉందని మేము తీసేశాం. ఆ ఇద్దరిలో ఒకరు పెద్దాయన భార్య. ఆవిడ అప్పటికి లేరు. ఆ వ్యాపారం ఆవిడ చేతి పచ్చళ్లతో మొదలైంది. ఆయన కోప్పడలేదు. "ఆ ఫోటో ఏదమ్మా?" అని మాత్రం కోడలిని అడిగారట. ఆరు వారాలు పని ఆగిపోయింది. నేను స్వయంగా వెళ్లి ఆయన దగ్గర కూర్చుని ఆ ఫోటో కథ విన్నాను. ఆ కథే ఆ సైటుకు ముఖ్యమైన పేజీ అయింది, ఫోటో మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. ఆయన చెప్పింది న్యాయం. మొదటి వారమే ఆయనను కలిసి ఉంటే ఆ పేజీ చుట్టూ మిగతాదంతా అల్లుకునేవాడిని, ఆయనకు ఆ బాధ కూడా తప్పేది.

ఆమోదం తీసుకునేటప్పుడు డిజైన్ లింకు మెయిల్లో పంపి ఊరుకోవద్దు. పక్కన కూర్చుని, ఒక రైతు లేదా ఒక డీలరు చేసే పనిని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించండి. లింకు పంపితే అందరూ రంగుల గురించే రాస్తారు. మార్పుల విడతలు ఎన్నో కూడా ఒప్పందంలో రాయండి. నేను పేజీకి రెండు విడతలు ఇస్తాను, మూడోదానికి రోజు లెక్కన డబ్బు.

ఎక్కించేది ఎవరు అన్నది త్వరగా చెబుతాను. డిజైన్‌ను కోడ్‌గా మార్చే డెవలపర్ మొదటి నెలలోనే మీతో మాట్లాడాలి. వాళ్లు వాడే వ్యవస్థలో కుదరని పేజీలు గీసి లాభం లేదు. పాత చిరునామాల నుంచి కొత్త చిరునామాలకు 301 మళ్లింపులు (పాత లింకు నొక్కినవారిని శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) ఎవరు పెడతారో రాయించుకోండి. మీ స్ప్రెడ్‌షీట్‌లోని పేజీ చిరునామాలే అందుకు పనికొస్తాయి. అచ్చులో ఉన్న లింకులను మరవద్దు. ఒకసారి సైటు విడుదలైన రెండో రోజు నుంచి వారంటీ నమోదులు నిలిచిపోయాయి. మోటారు డబ్బాలో పెట్టే వారంటీ కార్డు మీద ఉన్న క్యూఆర్ కోడ్ పాత పేజీకి వెళ్తోంది, అది ఇప్పుడు లేదు. అప్పటికే వేల డబ్బాలు గోదాముల్లో ఉన్నాయి. ఒక్క మళ్లింపుతో సరిచేశాం కానీ, కనిపెట్టడానికి అయిదు రోజులు పట్టింది. బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, డబ్బాలు, గోడ మీది రాతలు, వాట్సాప్‌లో డీలర్లకు పంపే సందేశాలు, అన్నిటిలోని లింకులూ రాసుకోండి.

ఇక డబ్బు. మీ ప్రస్తుత జీతాన్ని నెలలతో గుణించి అడగవద్దు. ఏడాదిలో సెలవులు, పండుగలు, జబ్బులు, పని వెతుక్కునే రోజులు, ఇన్‌వాయిస్‌ల వెంట తిరిగే రోజులు పోను మీకు డబ్బు వచ్చే రోజులు 160కి మించి ఉండవనుకోండి. పీఎఫ్, ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ చందాలు ఇప్పుడు మీవే. ఉదాహరణకు ఇవన్నీ కలుపుకుని ఏడాదికి 18 లక్షలు రావాలనుకుంటే రోజుకు 11,250 రూపాయలు. ఆ అంకెతో పనిని లెక్కకట్టి, ఊహించని వాటికి మరో పదిహేను శాతం కలపండి. ఈ రోజు లెక్క కంపెనీకి చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ దగ్గర మాత్రం ఉండాలి.

పరిశీలన డబ్బు మొత్తం ముందే తీసుకోండి. మిగతా పనికి 30 శాతం అడ్వాన్సు, మధ్యలో రెండు వాయిదాలు, చివర 10 శాతం. చివరి వాయిదాను "విడుదలయ్యాక" అని రాయించవద్దు. విడుదల మీ చేతిలో లేదు. "డిజైన్ ఫైళ్లు అప్పగించిన 15 రోజులకు" అని రాయించండి. వృత్తి సేవల కింద సాధారణంగా 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, 18 శాతం వేయాలి. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఒక గంట కూర్చోండి, ఆ ఖర్చు దండగ కాదు.

చాలామంది డిజైనర్లకు తెలియని మాట ఒకటి: మీరు కూడా సూక్ష్మ సంస్థే. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం, పని మొదలయ్యే ముందే చేసుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే పనిని స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఇందుకోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నేను ఫిర్యాదు దాకా ఎప్పుడూ వెళ్లలేదు. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, ఆ చట్టం పేరు ఒక్క వరుస రాయడం మొదలుపెట్టాక ఖాతాల విభాగంవాళ్లు నా బిల్లును అడుగున పెట్టడం మానేశారు.

హక్కులు కూడా చూసుకోండి. ఉద్యోగి చేసిన పని మీద హక్కు సంస్థదే. స్వతంత్రంగా కాంట్రాక్టు మీద చేసిన డిజైన్‌కు, మీరు సంతకంతో రాసి ఇస్తే తప్ప, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు సాధారణంగా మీరే. అందుకే కంపెనీ ఒప్పందంలో హక్కుల బదిలీ నిబంధన పెడుతుంది. అది న్యాయమే, ఇవ్వండి. "పూర్తి డబ్బు అందిన తర్వాత బదిలీ అవుతుంది" అన్న మాట మాత్రం చేర్చండి. మీరు చేసిన పనుల జాబితాలో ఈ పనిని ఇతరులకు చూపించుకునే అనుమతి కూడా అక్కడే అడగండి. తర్వాత అడిగితే ఎవరినో కనుక్కోవాలంటారు.

రేపు మీరు వాళ్లకు రాయవలసిన మెయిలు పెద్దదేమీ కాదు. పిలిచినందుకు సంతోషమని చెప్పి, మూడు వారాల పరిశీలనకు ఇంత అవుతుందని, అందులో ఫోన్లు తీసే చోట కూర్చుంటానని, చివర పేజీల పట్టికతో నివేదిక ఇస్తానని రాయండి. దాని కింద మూడు వరుసలు ఖాళీగా వదిలి, ఒప్పుకునేవారు, రాసేవారు, ఎక్కించేవారు అని పెట్టి పేర్లు నింపి పంపమని అడగండి. ఒక వరుస ఖాళీగా తిరిగి వస్తే ఆ పేరు వచ్చేదాకా రెండో భాగానికి తేదీ ఇవ్వవద్దు. మూడు పేర్లూ వస్తే, మొదటి సోమవారం ఉదయం నేరుగా వెళ్లి వాళ్ల ఫోన్ల దగ్గర నోట్‌బుక్కు ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.